వికాస మనోవిజ్ఞానంలో మూల రచనల సంకలనం: పాఠాలు ఎలా ఎంచుకోవాలి

టెట్, డీఎస్సీ రాసినవాళ్ళని ఎవరినైనా అడగండి, పిల్లల తెలివి ఎదిగే తీరు మీద పియాజే చెప్పిన దశలు నాలుగూ వరసగా చెప్పేస్తారు. వైగాట్‌స్కీ అంటే సామీప్య వికాస మండలం (పిల్లవాడు సొంతంగా చేయగలిగేదానికీ, సాయంతో చేయగలిగేదానికీ మధ్య దూరం), కోల్‌బర్గ్ అంటే తప్పొప్పుల ఆలోచనలో మూడు స్థాయిలు ఆరు దశలు. పియాజే రాసిన పేజీ ఒక్కటైనా చదివారా అని అడిగితే మాత్రం తల ఊపేవాళ్ళు తక్కువ. ఎం.ఏ. సైకాలజీలోనూ చాలామందిది ఇదే పరిస్థితి. టెక్స్ట్‌బుక్ ఇంకో టెక్స్ట్‌బుక్‌ని కుదిస్తుంది, గైడ్ దాన్ని మరింత కుదిస్తుంది. ఈ లోపల అసలు పిల్లవాడు, వాడి ముందు కాగితం పెన్సిలు పట్టుకుని కూర్చున్న మనిషి, ఇద్దరూ కనబడకుండా పోతారు.

వాళ్ళని మళ్ళీ చూపించడానికే మూల రచనల సంకలనం. మీ క్లాసుకి జిరాక్స్ కట్టగా ఇచ్చినా, పుస్తకంగా అచ్చు వేసినా, తెలుగులోకి తెచ్చినా ఎంపిక చేసే పద్ధతి ఒకటే. నా అభిప్రాయం ముందే చెబుతాను. పేరున్న వ్యాసాలన్నీ ఒకచోట కుట్టేస్తే సంకలనం అయిపోదు. ఒక వ్యాసం, దాన్ని నిలదీసిన మరో వ్యాసం పక్కపక్కన ఉండాలి. అప్పుడే ఈ శాస్త్రం ఎలా నడుస్తుందో చదివేవాళ్ళకి తెలుస్తుంది.

1. ఎవరికోసమో ముందు తేల్చుకోండి

బీ.ఎడ్., డీ.ఎల్.ఎడ్. వాళ్ళకి, ఎం.ఏ. సైకాలజీ వాళ్ళకి ఒకే కట్ట పనికిరాదు. రేపు ఒకటో తరగతి పిల్లల ముందు నిలబడేవాళ్ళకి మాట, లెక్క, భయం, తప్పొప్పుల మీద రచనలు ఎక్కువ కావాలి. ఎం.ఏ. వాళ్ళకి పరిశోధనా పద్ధతుల మీద జరిగిన వాదాలు కూడా కావాలి. అంగన్‌వాడీ సిబ్బంది శిక్షణకైతే పుట్టినప్పటినుంచి ఆరేళ్ళ వరకే చూసుకోండి, కౌమారం వదిలేయవచ్చు.

తర్వాత పేజీల లెక్క. సెమిస్టర్‌లో పదిహేను వారాలు క్లాసులు జరుగుతాయనుకుంటే వారానికి ఒక పాఠం, పాఠానికి పది పన్నెండు పేజీలు. అంతకు మించి పెడితే చివరి పాఠాలు ఎవరూ తెరవరు. ఈ లెక్క మొదట్లోనే గోడమీద రాసిపెట్టుకోండి, ఎందుకంటే చదువుతున్నకొద్దీ ప్రతి వ్యాసమూ ఉండాల్సిందే అనిపిస్తుంది.

2. పేర్ల జాబితా పక్కన పెట్టి ప్రశ్నలు రాసుకోండి

ఫ్రాయిడ్, పియాజే, ఎరిక్సన్, బందూరా అని పేర్లతో మొదలుపెడితే చివరికి ప్రతి పెద్దమనిషికీ ఒక కుర్చీ వేసినట్టే ఉంటుంది. దాని బదులు ఆరేడు ప్రశ్నలు రాసుకోండి. భయం ఎక్కడినుంచి వస్తుంది? పసివాడు తనలో తాను మాట్లాడుకునేటప్పుడు ఏం చేస్తున్నాడు? నడక దానంతటదే వస్తుందా? తల్లిని ఎందుకు అంటిపెట్టుకుంటాడు? తప్పు అంటే ఏమిటో ఎలా తెలుస్తుంది? తన ఒంటి ఛాయ గురించి, తన కులం మతం గురించి ఎప్పుడు ఎరుక కలుగుతుంది? భాషలోని ధ్వనులు చెవికి ఎలా పట్టుబడతాయి?

ఇప్పుడు ఒక్కో ప్రశ్న కింద మీకు తెలిసిన రచనలు రాయండి. కొన్ని ప్రశ్నల కింద నాలుగైదు వస్తాయి, కొన్నింటి కింద ఒక్కటే వస్తుంది. ఒక్కటే వచ్చినచోట ఇంకా వెతకాలి, లేదా ఆ ప్రశ్నని వదిలేయాలి.

3. ప్రతి రచననీ మొత్తం చదివి మూడు విషయాలు చూడండి

మొదటిది, ఇందులో పిల్లవాడు కనిపిస్తున్నాడా? చార్లెస్ డార్విన్ తన పెద్ద కొడుకు పసితనంలో రాసుకున్న నోట్సుని 37 ఏళ్ళ తర్వాత, 1877లో, 'మైండ్' పత్రికలో వేశాడు. పది పేజీల లోపు వ్యాసం. అందులో రెండేళ్ళ ఏడున్నర నెలల పిల్లవాడు భోజనాల గదిలోంచి బయటికి వస్తూ తండ్రికి ఎదురవుతాడు. కళ్ళు మామూలుగా లేవు, మనిషి తీరు ఏదో వింతగా ఉంది. లోపలికి వెళ్ళి చూస్తే, తీసుకోవద్దని చెప్పిన పంచదార తీసుకున్నాడని తెలుస్తుంది. ఈ పిల్లవాడిని ఎప్పుడూ శిక్షించలేదు కాబట్టి ఆ తీరు భయంవల్ల వచ్చింది కాదని, సంతోషం అంతరాత్మతో పెనుగులాడటమని డార్విన్ అనుకుంటాడు. ఆ ఊహ ఒప్పో తప్పో క్లాసులో గంటసేపు వాదించుకోవచ్చు. నా లెక్కలో ఏ సంకలనమైనా ఈ వ్యాసంతోనే మొదలవ్వాలి. ముందుమాట లేకుండానే అర్థమవుతుంది, చదివినవాళ్ళకి మన ఇంట్లో పిల్లల్ని ఇలా గమనించి రాయవచ్చు కదా అనిపిస్తుంది.

పియాజే విషయంలోనూ ఇదే కొలత. దశల పట్టిక ఉన్న సారాంశ వ్యాసం వేయకండి, అది విద్యార్థులకి ఇప్పటికే కంఠతా వచ్చు. 1936లో ఫ్రెంచిలో వచ్చిన, పసిపిల్లల తెలివి పుట్టుక మీది పుస్తకంలోంచి ఆయన పరిశీలనలు నాలుగైదు తీసుకోండి. వాటిలో 180వది తప్పకుండా ఉండాలి. కూతురు లూసియెన్‌కి అప్పుడు ఏడాది నాలుగు నెలలు. తండ్రి అగ్గిపెట్టెలో చిన్న గొలుసు పెట్టి, సన్నటి సందు మాత్రం వదిలి మూస్తాడు. పాప వేలు పెట్టి చూస్తుంది, అందదు. ఆగుతుంది. ఆ సందువైపే చూస్తూ తన నోరు కొంచెం తెరుస్తుంది, ఇంకాస్త తెరుస్తుంది, ఇంకా పెద్దగా తెరుస్తుంది. ఆ తర్వాత సందులో వేలు పెట్టి పెట్టెని లాగి వెడల్పు చేసి గొలుసు తీసుకుంటుంది. ఇంకా మాటలు సరిగా రాని పిల్ల నోటితో ఆలోచిస్తోంది! ఇది చదివిన విద్యార్థికి ఇంద్రియ చాలక దశ (చూపు, స్పర్శ, కదలికలతోనే లోకాన్ని తెలుసుకునే మొదటి రెండేళ్ళు) చివర ఏం జరుగుతుందో మళ్ళీ ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండోది, పరిశోధకుడు ఏం చేశాడో మనం తప్పు పట్టగలిగేంత వివరంగా ఉందా? గిబ్సన్, వాక్ 1960లో రాసిన దృశ్య అగాధం వ్యాసం దీనికి మంచి ఉదాహరణ. గాజు పరిచిన బల్ల, మధ్యలో పలక; ఒకవైపు గాజుకి ఆనుకునే నేల ఉన్నట్టు, రెండోవైపు నేల చాలా కిందున్నట్టు కనిపిస్తుంది. ఆరున్నర నెలల నుంచి 14 నెలల మధ్య పిల్లలు 36 మంది. మధ్య పలకమీంచి కదిలింది 27 మంది. వాళ్ళందరూ లోతు లేనివైపు పాకారు, లోతున్నట్టు కనిపించే గాజుమీదికి వెళ్ళింది ముగ్గురే. అంకెలు ఇంత స్పష్టంగా ఉన్నాయి కాబట్టే విద్యార్థి నిలదీయగలడు. పాకడం వచ్చినవాళ్ళనే కదా పరీక్షించారు, మరి లోతు అంటే భయం పుట్టుకతోనే ఉందని ఎలా చెప్పగలం? టెక్స్ట్‌బుక్‌లోని రెండు లైన్లు చదివితే ఈ ప్రశ్న రాదు.

మూడోది, ఎవరైనా జవాబు చెప్పారా? జవాబు లేని రచన ఎంత గొప్పదైనా క్లాసులో మౌనంగా కూర్చోబెడుతుంది. ఈ విషయం మీద ఇంకాస్త ఎక్కువ చెప్పాలి.

4. జంటలు, త్రయాలు కట్టండి

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది భయాల త్రయం. 1909లో ఫ్రాయిడ్ రాసిన చిన్న హాన్స్ కథలో అయిదేళ్ళ పిల్లవాడికి గుర్రాలంటే భయం. విశ్లేషణంతా తండ్రి రాసి పంపిన నోట్సు మీద నడుస్తుంది, ఆ చికిత్స కాలంలో ఫ్రాయిడ్ పిల్లవాడితో నేరుగా మాట్లాడింది ఒక్కసారే. 1920లో వాట్సన్, రేనర్ తొమ్మిది నెలలప్పుడు దేనికీ భయపడని ఆల్బర్ట్‌కి, పదకొండు నెలలు వచ్చాక తెల్ల ఎలుక చూపించి వెనక ఉక్కు కడ్డీ మీద సుత్తితో కొట్టి భయం నేర్పారు. ఏడుసార్లు అలా జత చేసేసరికి ఎలుక ఒక్కటే కనిపించినా ఏడ్చాడు. 1924లో మేరీ కవర్ జోన్స్ రెండేళ్ళ పది నెలల పీటర్‌కి కుందేలంటే ఉన్న భయాన్ని, వాడు ఇష్టమైనది తింటున్నప్పుడు కుందేలుని కొంచెం కొంచెం దగ్గరికి తెస్తూ పోగొట్టింది.

ఈ మూడూ వరసగా చదివించండి. ఆల్బర్ట్ వ్యాసం చివర వాట్సన్, రేనర్ ఫ్రాయిడ్ అనుచరుల్ని ఎత్తిపొడుస్తారు: ఇరవై ఏళ్ళ తర్వాత ఇతని భయాన్ని విశ్లేషించేవాళ్ళు ఏదో కలని బయటికి లాగి అర్థం చెబుతారట. హాన్స్ కథ ముందు చదవనివాళ్ళకి ఆ వాక్యం ఊరికే పోతుంది. అలాగే ఆల్బర్ట్ భయాన్ని పోగొట్టలేదని, పరీక్షలు జరిగిన రోజే ఆసుపత్రినుంచి తీసుకెళ్ళిపోయారని రచయితలే రాశారు. ఇది చదివి పీటర్ దగ్గరికి వస్తే జోన్స్ చేసిన పని విలువ తెలుస్తుంది. పీటర్ కథ కూడా సాఫీగా నడవదు. మధ్యలో వాడికి స్కార్లెట్ జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉంటాడు, తిరిగి వచ్చేటప్పుడు పెద్ద కుక్క మీదికి దూకుతుంది, భయం మళ్ళీ మొదటికొస్తుంది. జోన్స్ అది దాచకుండా రాసింది.

ఆల్బర్ట్ వ్యాసంలో ఇంకో వివరం ఉంది. బొటనవేలు నోట్లో ఉన్నంతసేపు వాడికి భయం పుట్టలేదు. భయం పుట్టించాలంటే పరిశోధకులు ఆ వేలు నోట్లోంచి తీయాల్సి వచ్చింది. ఈ వాక్యం దగ్గర క్లాసు నిశ్శబ్దమైపోతుంది. నైతికత మీద విడిగా ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, ఆ వాక్యాన్ని మాత్రం కత్తిరించకండి. ఎం.ఏ. వాళ్ళకైతే ఈ ప్రయోగాన్ని టెక్స్ట్‌బుక్‌లు దశాబ్దాలపాటు ఎలా తప్పుగా చెబుతూ వచ్చాయో చూపిస్తూ బెన్ హారిస్ 1979లో రాసిన వ్యాసం నాలుగోదిగా చేర్చండి. మూల రచన ఎందుకు చదవాలో దానికన్నా గట్టిగా చెప్పేది నాకు కనబడలేదు.

రెండో త్రయం మాట మీద. చిన్నపిల్లలు ఆడుకుంటూ పైకి మాట్లాడుకునే మాటల్ని పియాజే 1923లో అహం కేంద్రీకృత భాషణం అన్నాడు. పెద్దయ్యేకొద్దీ అది పోతుందన్నాడు. వైగాట్‌స్కీ ఒప్పుకోలేదు. అది పోదు, లోపలికి వెళ్ళి ఆలోచనగా మారుతుందన్నాడు. ఆయన 1934లో క్షయతో చనిపోయాడు, ఆ పుస్తకం అదే ఏడాది వచ్చింది. ఇద్దరూ 1896లోనే పుట్టారు, ఎప్పుడూ కలుసుకోలేదు. 1962లో ఆ పుస్తకం ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు పియాజే జవాబు రాశాడు. తన మీద వచ్చిన విమర్శని పాతికేళ్ళు ఆలస్యంగా, రాసినవాడు పోయాక చదవాల్సి వచ్చిందని విచారపడ్డాడు, కొన్ని విషయాల్లో వైగాట్‌స్కీ మాట ఒప్పుకున్నాడు. ముగ్గురు రచయితలు అక్కర్లేదు, ఇద్దరివే మూడు ముక్కలు. వాదం మొత్తం విద్యార్థి చేతిలో ఉంటుంది.

మిగతావి త్వరగా చెబుతాను. పదిలపరచుకునే భావన (అమరిక మారినా లెక్క, పరిమాణం మారవన్న ఎరుక) మీద పియాజే పక్కన మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ 1974 వ్యాసం పెట్టండి. రెండు వరసల్లో ఉన్న బిళ్ళల్ని పెద్దవాళ్ళు కదిపితే లెక్క మారిందని చెప్పిన పిల్లల్లో చాలామంది, అల్లరి ఎలుగుబంటి బొమ్మ వచ్చి చెదరగొడితే మారలేదన్నారు. టీచర్ కాబోయేవాళ్ళకి ఇది చాలా ముఖ్యం: మనం అడిగిన తీరే జవాబుని మార్చేస్తుంది. నడక మీద, ముందుగా ఇచ్చే శిక్షణ కన్నా ఎదుగుదలే ముఖ్యమన్న 1929 నాటి గెసెల్, థాంప్సన్ కవలల మెట్లెక్కే అధ్యయనం, దాని ఎదురుగా థెలెన్ బృందం 1984లో రాసిన వ్యాసం. పుట్టిన కొత్తల్లో ఉండి రెండు నెలలకి మాయమయ్యే అడుగులు, పిల్లల్ని నీళ్ళలో నిలబెడితే మళ్ళీ కనబడ్డాయి. మెదడు సంగతి తర్వాత, ముందు కాళ్ళ బరువు చూడమన్నారు. పుట్టిన కొత్తల్లోనే పిల్లలు ఎదుటివాళ్ళ ముఖకవళికల్ని అనుకరిస్తారన్న మెల్ట్‌జాఫ్, మూర్ 1977 వ్యాసానికి ఊస్టెన్‌బ్రూక్ బృందం 2016లో చేసిన పునఃపరీక్ష జత. ఇప్పుడే ఒక మిఠాయి తింటావా, ఆగితే రెండు ఇస్తాను అని పిల్లల్ని అడిగే మార్ష్‌మాలో పరీక్షకి 2018లో వాట్స్, డంకన్, క్వాన్ రాసిన వ్యాసం జత. ఇంటి పరిస్థితులు లెక్కలోకి తీసుకుంటే, ఆగగలిగినవాళ్ళు తర్వాత బాగా రాణిస్తారన్న ఆ మిఠాయి జోస్యం చాలావరకు సన్నబడిపోతుంది.

తల్లీపిల్లల అనుబంధం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. సాధారణంగా గుడ్డ బొమ్మ తల్లిని అంటిపెట్టుకున్న హార్లో కోతిపిల్లలు (1958), బౌల్బీ వ్యాసం (1958), ఏన్స్‌వర్త్, బెల్ బాల్టిమోర్ ప్రయోగం (1970) ఈ మూడూ వేస్తారు. ఏన్స్‌వర్త్ 1967 ఉగాండా పుస్తకంలోంచి ఒక భాగం ముందు పెట్టమంటాను. కంపాలా దగ్గర పల్లెల్లో 28 మంది పసిపిల్లల ఇళ్ళకి నెలల తరబడి వెళ్ళి, తల్లులతో కూర్చుని మాట్లాడుతూ గమనించింది ఆమె. పరిచయం లేని గదిలో తల్లి వదిలి వెళ్ళి తిరిగొచ్చినప్పుడు పిల్ల ఏం చేస్తుందో చూసే 20 నిమిషాల పరీక్ష, అంటే ఆ బాల్టిమోర్ ప్రయోగం, ఆ తర్వాత వచ్చింది. ఇంట్లో చూసింది ముందు, ల్యాబ్‌లో కొలిచింది తర్వాత అనే వరస విద్యార్థికి తెలియాలి. వీటి వెనక, అదే పరీక్షని జపాన్ పిల్లల మీద పెట్టి తకహాషి 1986లో రాసింది పెట్టండి. తల్లిని ఎప్పుడూ వదలని ఆ పిల్లలు ఒంటరిగా ఉంచేసరికి ఎంత ఏడ్చారంటే చాలాచోట్ల పరీక్ష మధ్యలో ఆపాల్సి వచ్చింది. 1988లో వాన్ ఐజెన్‌డోర్న్, క్రూనెన్‌బర్గ్ ఎనిమిది దేశాల్లో ఈ పరీక్ష ఫలితాలు కలిపి చూస్తే, దేశానికీ దేశానికీ మధ్య కన్నా ఒకే దేశం లోపల తేడాలు ఎక్కువ కనిపించాయి. ఆ ఎనిమిదింటిలో భారతదేశం లేదు. నానమ్మ, పిన్ని, పక్కింటి అక్క, అందరి చేతుల్లో తిరిగే పిల్లకి కొత్తమనిషి అంటే ఎవరు అని మీ విద్యార్థులు తప్పకుండా అడుగుతారు.

5. మనకి దగ్గరగా వచ్చే రచనల్ని చివర అనుబంధంలో పడేయకండి

చాలా సంకలనాల్లో సంస్కృతి అనే విభాగం చివర ఉంటుంది, అక్కడ రెండు వ్యాసాలు ఉంటాయి, సిలబస్ అయ్యేసరికి అక్కడిదాకా ఎవరూ రారు. అలా కాకుండా ఏ ప్రశ్నకి చెందినవి ఆ ప్రశ్న కిందే పెట్టండి.

ధ్వనుల ప్రశ్న కింద వర్కర్, టీస్ 1984 వ్యాసం. కెనడాలో ఇంగ్లీషు వింటూ పెరుగుతున్న పిల్లలకి హిందీలోని ట, త ధ్వనుల తేడా వినిపించారు. 6 నుంచి 8 నెలల వాళ్ళు ఆ తేడా పట్టుకున్నారు, 10 నుంచి 12 నెలలు వచ్చేసరికి చాలామంది పట్టుకోలేకపోయారు. ఇంగ్లీషు మాట్లాడే పెద్దవాళ్ళకీ కష్టమే. మన పిల్లలకి టపా, తపాలా రెండూ రోజూ వినబడతాయి కాబట్టి ఆ చెవి మూసుకుపోదు. ఈ వ్యాసం తెలుగు క్లాసులో చదువుతుంటే విద్యార్థులు వెంటనే ట, త పైకి పలికి చూసుకుంటారు. అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లల ఉచ్చారణ మీద చర్చ కూడా అక్కడినుంచే మొదలవుతుంది.

తప్పొప్పుల ప్రశ్న కింద కోల్‌బర్గ్ రాసింది ఒకటి, ఆయన మొదటి అధ్యయనంలో ఉన్నవాళ్ళందరూ మగపిల్లలే కాబట్టి ఆడవాళ్ళ మాటలు విని గిలిగన్ రాసిన 1977 వ్యాసం ఒకటి, ఆ తర్వాత ష్వెడర్, మహాపాత్ర, మిల్లర్ 1987లో రాసిన భువనేశ్వర్ అధ్యయనం. ఒడిశా బ్రాహ్మణ కుటుంబాల్లో పిల్లల్నీ పెద్దల్నీ 39 సంఘటనల గురించి అడిగితే, తండ్రి పోయిన మర్నాడే పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడిమాంసం తినడం అన్నిటికన్నా పెద్ద తప్పుల్లో ఒకటిగా వచ్చింది. అవే ప్రశ్నలు అడిగిన షికాగో వాళ్ళకి అది తప్పే కాదు. మన విద్యార్థులకి ఆ సంఘటన గురించి ఎవరూ వివరించక్కర్లేదు, కానీ అది నైతికతా, ఆచారమా అని అడిగితే ఆలోచనలో పడతారు. అదే పుస్తకంలో టురియల్ బృందం ఎదురు జవాబు కూడా ఉంది, రెండూ కలిపి వేయండి.

మైసూరులో హిందూ పిల్లలతో, పెద్దలతో జోన్ మిల్లర్ చేసిన 1984 అధ్యయనం, రాజస్థాన్‌లోని గిరిజన గ్రామం ధోల్-కి-పట్టి పిల్లల్ని గమనించిన రోగాఫ్ బృందం 1993 రచన కూడా పరిశీలించాల్సినవే. రోగాఫ్ రచన పెద్దది, ఒక భాగమే తీసుకోవాలి. ఛాయ ప్రశ్న కింద కెనెత్, మేమీ క్లార్క్ 1947లో నల్లజాతి పిల్లలు 253 మందికి రెండు రంగుల బొమ్మలు చూపించి రాసిన వ్యాసం పెట్టండి. అది అమెరికా చరిత్రకి చెందిన రచన, దాన్ని అలాగే చదవాలి. అయినా పిల్ల పుట్టగానే ఛాయ గురించి మాట్లాడుకునే మన ఇళ్ళ సంగతి క్లాసులో దానంతటదే వస్తుంది.

6. దేన్ని వదలాలి

పేరు కోసం ఉన్నదాన్ని వదలండి. ఎరిక్సన్ ఎనిమిది దశల అధ్యాయం చదవడానికి బావుంటుంది, కానీ ఎలా తేల్చాడో నిలదీసే వీలు తక్కువ. ఒక్క సెమిస్టరే ఉంటే నేను దాన్ని పక్కన పెడతాను. పెద్దవాళ్ళు బొమ్మని కొట్టడం చూసి పిల్లలూ కొడతారని చూపిన బందూరా బొమ్మ ప్రయోగం (1961) ఇప్పటికే అందరికీ తెలుసు, దానికి మంచి ప్రతివాదం దొరికితేనే ఉంచండి. గణాంకాలు నిండిపోయి, వాటిని తీసేస్తే ఏమీ మిగలని వ్యాసాలు బీ.ఎడ్. కట్టలో వద్దు. జాబితా పూర్తయ్యాక రచయితల్లో ఆడవాళ్ళు ఎంతమంది ఉన్నారో కూడా ఒకసారి చూసుకోండి. ఈ రంగంలో రేనర్, జోన్స్, మెక్‌గ్రా, గిబ్సన్, ఏన్స్‌వర్త్, థెలెన్ లాంటివాళ్ళు ముందునుంచీ ఉన్నారు, వాళ్ళు మీ జాబితాలో కనబడకపోతే తప్పు చరిత్రది కాదు, ఎంపికది.

7. కత్తిరించేటప్పుడు

మూడు భాగాల్ని ముట్టుకోకండి: పిల్లల గురించిన వివరాలు, పరిశోధకుడు ఏం చేశాడన్నది, రచయిత తన మాటకి తానే పెట్టుకున్న హద్దులు. పూర్వ పరిశోధనల సమీక్ష, పట్టికలు, దశలవారీ గణాంక పరీక్షలు తగ్గించవచ్చు. కత్తిరించిన ప్రతిచోటా చుక్కలు పెట్టండి. పియాజే పరిశీలనల అంకెలు యథాతథంగా ఉంచండి, మూల పుస్తకం తెరవాలనుకునే విద్యార్థికి అవే దారి.

కాలానికి అతకని మాటలు ఎదురైతే మార్చకండి. మందమతి లాంటి పాత పదాలు, నల్లజాతివాళ్ళ గురించి, ఆడవాళ్ళ గురించి అప్పటి వాడుకలు అలాగే ఉంచి, ముందుమాటలో ఒక వాక్యం రాయండి. హార్లో వ్యాసం మధ్యలో ఆయనే రాసిన జంతువుల పద్యాలున్నాయి, చివర ఉద్యోగాలకి వెళ్తున్న ఆడవాళ్ళ గురించి, పిల్లల్ని పెంచగల మగవాళ్ళ గురించి మాటలున్నాయి. పద్యాలు తీసేసినా పర్వాలేదు. చివరి పేరా ఉండాలి, కోతిపిల్లల ప్రయోగం వెనక అప్పటి సమాజం ఏం అడుగుతోందో అందులో ఉంది.

8. ముందుమాట 150 పదాలు దాటకుండా

ప్రతి పాఠానికీ ముందు చిన్న పరిచయం. అందులో నాలుగు విషయాలు చాలు: ఎవరు ఎప్పుడు ఎక్కడ రాశారు, పిల్లలు ఎవరు ఎంతమంది, అప్పటిదాకా అందరూ ఏం అనుకునేవాళ్ళు, ఈ రచన తర్వాత వాదం ఎటు వెళ్ళింది. ఫలితం మాత్రం చెప్పకండి. చెప్పేస్తే విద్యార్థి ముందుమాట చదివి పాఠం మూసేస్తాడు.

పుట్టుపూర్వోత్తరాలు నిజాయితీగా చెప్పాలి. వైగాట్‌స్కీ పేరుతో 1978లో ఇంగ్లీషులో వచ్చిన పుస్తకం ఆయన అలా రాసిపెట్టింది కాదు, సంపాదకులు ఆయన వేర్వేరు రచనల్లోంచి కూర్చింది. సామీప్య వికాస మండలం గురించిన అధ్యాయం అక్కడిదే. ఇద్దరు పిల్లలూ సొంతంగా ఎనిమిదేళ్ళ స్థాయి లెక్కలు చేస్తారు, సాయం ఇస్తే ఒకరు తొమ్మిదేళ్ళ స్థాయికి, ఇంకొకరు పన్నెండేళ్ళ స్థాయికి వెళ్తారు అనే ఉదాహరణ టీచర్లకి బాగా పనికొస్తుంది. వేయండి, కానీ అది ఎలా తయారైందో రాయండి.

9. తెలుగులోకి తెస్తుంటే

తెలుగు అకాడమీ పుస్తకాల్లో, డీఎస్సీ మెటీరియల్‌లో స్థిరపడ్డ పదాలనే వాడండి: వస్తు స్థిరత్వ భావన, పదిలపరచుకునే భావన, మూర్త ప్రచాలక దశ. బావుండకపోయినా విద్యార్థికి అవే తెలుసు. ఒక భావనకి ఒకే పదం, పుస్తకమంతా. సిద్ధాంత భాగాల్లో అలా ఉన్నా, పిల్లల చేష్టలు వర్ణించే చోట మాత్రం మామూలు తెలుగు రాయండి. లూసియెన్ 'తన ముఖ రంధ్రాన్ని క్రమేణా విస్తరింపజేసింది' అని రాస్తే ఆ పాప చచ్చిపోతుంది. నోరు ఇంకాస్త తెరిచింది అనండి. పియాజే ఇంగ్లీషు ఫ్రెంచినుంచి వచ్చింది, వైగాట్‌స్కీ ఇంగ్లీషు రష్యన్‌నుంచి వచ్చింది, కాబట్టి వాక్యం అర్థం కానప్పుడు ఇంకో ఇంగ్లీషు అనువాదం పక్కన పెట్టుకుని చూడండి. వైగాట్‌స్కీ 1962 అనువాదం బాగా కుదించింది, 1987లో వచ్చింది పూర్తి పాఠం.

10. అనుమతులు మొదటి నెలలోనే మొదలుపెట్టండి

మన చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ళవరకు కాపీరైట్ ఉంటుంది. ఇద్దరు కలిసి రాస్తే చివరగా పోయినవాళ్ళ నుంచి లెక్క. డార్విన్ వ్యాసానికి ఇబ్బంది లేదు. వాట్సన్ 1958లో చనిపోయాడు, ఆల్బర్ట్ వ్యాసానికి ఇక్కడ గడువు తీరింది. పియాజే 1980లో పోయాడు, కాబట్టి 2040 చివరిదాకా ఉంటుంది. వైగాట్‌స్కీ రష్యన్ మూలానికి గడువు తీరినా ఇంగ్లీషు అనువాదానికి విడిగా హక్కులుంటాయి, అనువాదంలోంచి అనువదిస్తే ఆ ప్రచురణకర్తనీ అడగాలి.

క్లాసులో పంచే కట్టకీ, అమ్మే పుస్తకానికీ తేడా ఉంది. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు, బోధన కోసం పాఠాల కట్టలు జిరాక్స్ తీయడం చట్టంలో బోధనకి ఇచ్చిన మినహాయింపు కిందికి వస్తుందని చెప్పింది. అచ్చువేసి అమ్మేదానికి అది వర్తిస్తుందనుకోకండి. పాఠ్య సంకలనాలకి వేరే చిన్న వెసులుబాటు ఉంది, కానీ అది ఎక్కువ భాగం కాపీరైట్ లేని రచనలున్న పుస్తకాల్లో చేర్చే చిన్న భాగాలకే, అదీ ఒక ప్రచురణకర్త ఒక రచయితవి అయిదేళ్ళలో రెండుకి మించకుండా. మిగతా వాటికి పత్రిక ప్రచురణకర్తకి ఉత్తరం రాయాలి. అందులో ఏ పేజీలు, ఎన్ని కాపీలు, ఏ భాష, ఎంత ధర అన్నది స్పష్టంగా రాయండి. జవాబు రాకపోతే ఆ జంటలో వేయడానికి ఇంకో వ్యాసం ముందే సిద్ధంగా పెట్టుకోండి. లేకపోతే జంటలో ఒక సగమే మిగులుతుంది.

11. అచ్చుకి ముందు ఒక క్లాసులో చదివించండి

ముందుమాటలు తీసేసి మూడు నాలుగు పాఠాలు ఇవ్వండి. ఎక్కడ ఆగారో, ఏ మాట కింద గీత గీశారో, ఏం అడిగారో పేజీ అంచున రాయమనండి. అందరూ ఒకేచోట ఆగితే అక్కడ వివరణ కావాలి, లేదా మీ అనువాదం సరిగా లేదు. ఎవరూ ఎక్కడా ఏమీ అడగకపోతే ఆ పాఠం తీసేయడమే మంచిది. వాళ్ళు అడిగినవాటిలో మంచి ప్రశ్నల్ని ఏరి పాఠం చివర అభ్యాసంగా వేయండి, పరీక్ష పేపర్‌లో వచ్చే 'ప్రతిపాదించినది ఎవరు' తరహా బిట్లు మాత్రం ఈ పుస్తకంలో పెట్టకండి.